ఈ-రీడర్‌లో అక్షరాలు కనిపించకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకం తెరుచుకుంటుంది, పేజీలు తిరుగుతాయి, చదివిన శాతం కూడా కింద మారుతూ ఉంటుంది, కాని అక్షరాలు ఉండవలసిన చోట ఖాళీ కనిపిస్తుంది. కొన్నిసార్లు పేజీ మొత్తం, కొన్నిసార్లు ఒక్క పేరా, కొన్నిసార్లు ఒక్క అక్షరం మాత్రమే కనబడదు. ఈ ఇబ్బందికి కారణం పుస్తకపు ఫైల్‌లో ఉండవచ్చు, ఫాంట్‌లో ఉండవచ్చు, పరికరంలోని సాఫ్ట్‌వేర్‌లో గాని తెరలో గాని ఉండవచ్చు. ఎక్కడ ఉందో తేల్చుకోకుండా దొరికిన మార్గమల్లా ప్రయత్నిస్తే సమయం పోతుంది, ఒక్కోసారి మనం గీసుకున్న గీతలూ రాసుకున్న వ్యాఖ్యలూ కూడా పోతాయి. అందుకే ఈ ప్రశ్నలలో ముందుగా కారణాన్ని గుర్తించే పద్ధతిని, ఆ తరువాతే పరిష్కారాన్ని వివరించాను.

పేజీ ఖాళీగా కనిపిస్తోంది. పుస్తకంలో ఆ భాగం పోయినట్టేనా?

చాలా సందర్భాలలో పోలేదనే చెప్పాలి. అక్షరాలు ఫైల్‌లో భద్రంగానే ఉంటాయి, వాటిని తెర మీదికి తీసుకువచ్చే దారిలో ఎక్కడో అడ్డు తగులుతుంది. ఈ సంగతి నిర్ధారించుకోవడానికి మూడు చిన్న పరీక్షలు చాలు.

మొదటిది, ఖాళీగా ఉన్న చోట వేలు కాసేపు నొక్కి ఉంచి పక్కకు జరపడం. అక్కడ కనబడని పాఠ్యం ఉంటే ఎంపిక చేసినట్టు నీడ పడుతుంది, నిఘంటువు పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఆ మాట స్పష్టంగా కనిపిస్తుంది. రెండవది, ఆ పేజీలో తప్పకుండా ఉండే మాటను, ఉదాహరణకు కథలోని పాత్ర పేరును, పుస్తకంలో వెతకడం. వెతుకులాట ఫలితాలను రీడర్ తన సొంత రంగులతో, సొంత ఫాంట్‌తో చూపిస్తుంది కాబట్టి పేజీలో కనబడని వాక్యం ఆ జాబితాలో కనబడుతుంది. మూడవది, అదే ఫైల్‌ను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి చూడడం.

మొదటి రెండు పరీక్షలలో మాటలు దొరికితే తప్పు రంగులోనో ఫాంట్‌లోనో ఉంది. ఆ రెంటిలో దొరకక మూడవదానిలో దొరికితే, ఆ పరికరం ఫైల్‌ను పూర్తిగా చదవలేకపోతోందని అర్థం. ఎక్కడా దొరకకపోతే ఫైల్ పాడయిందని గాని, అసంపూర్తిగా దిగిందని గాని, మీ దగ్గర ఉన్నది పుస్తకంలోని నమూనా భాగం మాత్రమే అని గాని అనుకోవచ్చు. ఈ పరీక్షలు ముగిసేవరకు పుస్తకాన్ని చెరిపేయవద్దని గట్టిగా కోరుతున్నాను. మీరే కేబుల్‌తో ఎక్కించుకున్న పుస్తకాన్ని చెరిపేస్తే దానితో పాటు మీ గుర్తులు కూడా పోయే అవకాశం ఎక్కువ.

డార్క్ మోడ్ పెట్టగానే అక్షరాలు మాయమవుతున్నాయి. ఎందుకు?

నాకు తెలిసినంతలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే, కారణం కూడా చాలా సులభమైనది. పుస్తకం తయారుచేసినవారు అక్షరాల రంగు నలుపు అని ఫైల్‌లోనే రాసిపెట్టారు. మీరు పేజీ నేపథ్యాన్ని నల్లగా మార్చారు. నలుపు మీద నలుపు కనిపించదు.

డార్క్ మోడ్‌ను రెండు రకాలుగా అమలు చేస్తారు. ఒక పద్ధతిలో తెర మీద సిద్ధమైన చిత్రాన్ని మొత్తంగా తిరగవేస్తారు. అప్పుడు నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది, ఫోటోలు మాత్రం నెగెటివ్‌లలాగా కనిపిస్తాయి. ఈ పద్ధతిలో అక్షరాలు మాయం కావు. రెండవ పద్ధతిలో నేపథ్యాన్ని నల్లగా మార్చి, రంగు చెప్పని అక్షరాలను మాత్రమే తెల్లగా మారుస్తారు. రంగు ముందే చెప్పి ఉన్న అక్షరాలను పుస్తకకర్త ఇష్టానికి గౌరవమిచ్చి అలాగే వదిలేస్తారు. ఫోన్లలో చదివే యాప్‌లు కొన్ని ఈ దారిలోనే నడుస్తాయి. అందువల్లనే ఒకే పుస్తకం ఒక పరికరంలో బాగుండి, మరొక దానిలో ఖాళీగా కనిపిస్తుంది.

ఒక రాత్రి నేను ఒక కవితా సంపుటి చదువుతున్నప్పుడు ప్రతి పేజీలోనూ కవిత శీర్షిక ముదురు గోధుమ రంగులో మసకగా కనిపించింది, దాని కింద మరేమీ లేదు. కవి కావాలనే పేజీలు ఖాళీగా వదిలాడేమోనని కూడా కాసేపు అనుకున్నాను. వేలు నొక్కి ఉంచితే ఒక్కొక్క పాదం నీడలో బయటపడింది. ఫైల్ విప్పి చూస్తే ప్రతి పేరాకూ విడివిడిగా నలుపు రంగు రాసి ఉంది. ఎవరో కావాలని రాసినది కాదు అది. వర్డ్ ప్రాసెసర్ నుంచి పుస్తకంగా మార్చినప్పుడు ఆ సాఫ్ట్‌వేరే చేర్చిన సూచన.

మీరు చేయవలసిందల్లా, తాత్కాలికంగా డార్క్ మోడ్ ఆపి తెల్లని లేదా లేత గోధుమ రంగు నేపథ్యం పెట్టుకోవడం. మీ రీడర్‌లో ప్రచురణకర్త శైలిని లేదా ప్రచురణకర్త రంగులను పక్కన పెట్టే ఎంపిక ఉంటే దానిని వాడడం మరింత మేలు. శాశ్వతంగా సరిచేసే పద్ధతిని, పుస్తకాల ఫైళ్లను మార్చే క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ గురించిన ప్రశ్నలో చెప్పాను.

నేపథ్యం తెల్లగానే ఉంది, అయినా పెట్టెలలోని పాఠ్యం, కొన్ని శీర్షికలు కనిపించడం లేదు. ఇదేమిటి?

ఇది పై సమస్యకు తిరగేసిన రూపం. నల్లని పట్టీ మీద తెల్లని అక్షరాలతో శీర్షిక ఉండాలని పుస్తకకర్త అనుకున్నారు. మీ రీడర్ అక్షరాల తెలుపును స్వీకరించి, పట్టీ నలుపును మాత్రం వదిలేసింది. తెల్లని కాగితం మీద తెల్లని మాట మిగిలింది. పాఠ్యపుస్తకాలలో ముఖ్యాంశాల పెట్టెలు, వంటల పుస్తకాలలో కొలతల పట్టికలు ఇలా తరచుగా దెబ్బతింటాయి. ఇక్కడ డార్క్ మోడ్ పెడితే ఆ మాటలు వెంటనే కనిపిస్తాయి, కాబట్టి ఒక్క పెట్టె చదవడానికి అంతవరకు చాలు.

అక్షరాలు ఉన్నాయి, కాని మరీ పలచగా, బూడిద రంగులో వెలిసిపోయినట్టున్నాయి.

కాగితంలా కనిపించే ఇ-ఇంక్ తెరలలో సాధారణ నలుపు తెలుపు రకం 16 బూడిద ఛాయలను చూపగలదు. కంప్యూటర్ తెర మీద లేత నీలంగా, లేత నారింజగా అందంగా కనిపించే రంగులు ఈ తెర మీద తెలుపుకు దగ్గరగా ఉండే ఛాయలకు దిగిపోతాయి. వాటికి తోడు ఫాంట్ కూడా సన్నని రకమైతే గీతలు దాదాపు కనబడవు. కిండిల్‌లోనూ కోబోలోనూ అక్షరాల మందాన్ని పెంచే అమరిక ఉంది, దానిని రెండు మెట్లు పెంచితే చాలామందికి కళ్లకు హాయిగా ఉంటుంది. పీడీఎఫ్ అయితే కాంట్రాస్ట్ పెంచాలి. తెర మీద వెలుగు పరిచే దీపం (ఫ్రంట్ లైట్) కాంతిని పెంచడం వల్ల మాత్రం ఈ లోపం తీరదు, ఎందుకంటే ఆ వెలుగు అక్షరం మీదా కాగితం మీదా సమానంగానే పడుతుంది.

అక్షరాల బదులు ఖాళీ గళ్లు గాని ప్రశ్నార్థకాలు గాని వరుసగా కనిపిస్తున్నాయి.

ఈ రెండూ ఒకటి కావు, వాటి మధ్య తేడా తెలుసుకోవడం అవసరం. ఖాళీ గడి కనిపిస్తే అక్షరం సరిగానే ఉంది, దానిని గీయడానికి కావలసిన బొమ్మ ఆ ఫాంట్‌లో లేదు. ఫాంట్‌ల తయారీదారులు ఈ గళ్లను టోఫు అని పిలుస్తారు. గూగుల్ విడుదల చేసిన నోటో ఫాంట్‌ల పేరు కూడా టోఫు వద్దు అనే మాట నుంచి వచ్చినదే. దీనికి పరిష్కారం ఆ లిపి ఉన్న ఫాంట్‌ను ఎంచుకోవడం.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే పరిస్థితి కొంచెం బరువైనది. ఎక్కడో ఒక దశలో ఫైల్‌ను తప్పు ఎన్‌కోడింగ్‌తో, అంటే అక్షరాలను అంకెలుగా రాసే తప్పు పద్ధతితో, భద్రపరిచారు, అసలు అక్షరాల స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంది. ఆ నకలులో అసలు మాట ఇక లేదు, మరో నకలు సంపాదించుకోవలసిందే. వీటి నడుమ మూడవ రకం కూడా ఉంది. తెలుగు ఉండవలసిన చోట నెత్తి మీద గుర్తులు పెట్టిన రోమన్ అక్షరాలు బారులు తీరి కనిపిస్తే, యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఉన్న ఫైల్‌ను రీడర్ వేరే ఎన్‌కోడింగ్‌గా పొరబడిందని అర్థం. మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఇది ఎక్కువ. కంప్యూటర్‌లోని ఎడిటర్‌లో యూటీఎఫ్-8గా తెరిచి చూసి, సరిగా కనిపిస్తే ఈపబ్ అనే ఈ-పుస్తక రూపానికి మార్చుకుంటే ఇబ్బంది తీరుతుంది.

తెలుగు అక్షరాలు వస్తున్నాయి గాని వత్తులు విడిపోయి, గుణింతాలు తప్పిపోయి ఉన్నాయి. ఫాంట్ మారిస్తే బాగవుతుందా?

అన్నివేళలా కాదు. స్త్రీ అనే మాటను చూడండి. కంటికి అది ఒకే అక్షరం. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. ఈ ఆరింటినీ కలిపి, తావత్తునూ రవత్తునూ వాటి వాటి చోట అమర్చి, గుడిని సకారం తల మీద కూర్చోబెట్టే పనిని రీడర్‌లోని షేపింగ్ ఇంజిన్ చేస్తుంది. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఉచిత ఇంజిన్‌ను వాడుకుంటాయి. అటువంటి ఇంజిన్ లేని పాత పరికరంలో ఎంత మంచి తెలుగు ఫాంట్ వేసినా స్, త్, రీ అని విడివిడిగానే వస్తుంది. ఆ పరికరపు సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పుకు మారాలి, లేదా కేఓరీడర్ వంటి వేరొక చదివే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి.

ఇంజిన్ బాగానే ఉండి కూడా కొన్ని సంయుక్తాక్షరాలు మాత్రమే కనబడకపోతే అనుమానం ఫాంట్ మీదికి మళ్లాలి. ఫైల్ బరువు తగ్గించడం కోసం పుస్తకంలో వాడిన అక్షరాలను మాత్రమే ఉంచి ఫాంట్‌లో మిగిలినవి తీసేస్తారు. రోమన్ లిపిని మాత్రమే దృష్టిలో పెట్టుకున్న పనిముట్టుతో ఆ కత్తిరింపు చేస్తే మూలాక్షరాలు మిగిలి, వత్తుల బొమ్మలు పోతాయి. అప్పుడు పుస్తకంతో వచ్చిన ఫాంట్‌ను వదిలి పరికరంలోని ఫాంట్ ఎంచుకుంటే సరిపోతుంది.

‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల మధ్యలో ఒక చిన్న గడి వస్తోంది. అక్కడ ఏ అక్షరమూ ఉండకూడదు కదా?

కంటికి కనబడే అక్షరం లేదు గాని, కనబడని సంకేతం ఒకటి ఉంది. ఈ మాటలో టవత్తు తరువాత పొల్లు దగ్గర ఆగి, ‘వేర్’ విడిగా మొదలవ్వాలి. ఆ ఆపు చెప్పకపోతే వకారం కూడా వత్తుగా మారి ఫకారం కిందికి చేరి, మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఆ ఆపు కోసం టైపు చేసేవారు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, వెడల్పు లేని సంకేతాన్ని చేరుస్తారు. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఈ సంకేతానికి చోటు లేని ఫాంట్, అది కూడా ఒక అక్షరమే అనుకుని గడి గీస్తుంది. చూడడానికి విసుగు పుడుతుంది, అయినా పుస్తకంలో వెతికి ఆ సంకేతాలన్నీ తీసేయాలనే ఆలోచన మంచిది కాదు. తీసేస్తే గడితో పాటు మాట రూపం కూడా పోతుంది. ఫాంట్ మార్చడమే సరైన దారి.

ఒక పుస్తకంలో ప్రచురణకర్త ఫాంట్ వదిలి వేరే ఫాంట్ ఎంచుకోగానే తెలుగు అంతా అర్థంలేని రోమన్ అక్షరాలుగా మారింది.

ఆ పుస్తకం యూనికోడ్‌లో లేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పనిలో (డీటీపీలో) స్థిరపడిన పాత తెలుగు ఫాంట్‌లు రోమన్ అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగు, తీసేస్తే లోపలి రోమన్ అక్షరాలు బయటపడతాయి. ఇటువంటి పుస్తకంలో వెతుకులాట పనిచేయదు, నిఘంటువు పనిచేయదు, చూపులేనివారికి చదివి వినిపించే సౌకర్యం కూడా పనిచేయదు. చదివేవారిగా మీరు చేయగలిగింది ప్రచురణకర్త ఫాంట్‌ను అలాగే ఉంచుకోవడం. ప్రచురించేవారు మాత్రం పాఠాన్ని యూనికోడ్‌కు మార్చి, ఒకరిచేత మొదటి నుంచి చివరిదాకా సరిచూపించి విడుదల చేయాలి. మార్పిడి పనిముట్లు వత్తుల దగ్గర పొరపాటు పడుతుంటాయి కాబట్టి ఆ సరిచూపును వదిలేయడానికి వీలులేదు.

ఒక అధ్యాయం మొత్తం ఖాళీగా ఉంది, లేదా మధ్యలో ఆగిపోయి తరువాతి అధ్యాయం మొదలవుతోంది. మిగతా పుస్తకం బాగానే ఉంది.

ఈపబ్ పుస్తకం నిజానికి ఒక జిప్ కట్ట. అందులో ప్రతి అధ్యాయమూ వెబ్ పేజీ వంటి చిన్న ఫైల్‌గా ఉంటుంది, వాటి వరుసను చెప్పే పట్టిక ఒకటి విడిగా ఉంటుంది. ఒక్క అధ్యాయమే దెబ్బతిన్నదంటే ఆ ఒక్క ఫైల్‌లోనే తప్పు ఉందని అనుమానించాలి.

అటువంటి తప్పులలో నేను పదే పదే చూసినది శీర్షిక ట్యాగ్ తప్పు. అధ్యాయపు ఫైల్ పైభాగంలో శీర్షిక కోసం ఒక ట్యాగ్‌ను, అంటే ఒక భాగం మొదలూ చివరా చెప్పే గుర్తును, తెరిచి, మూయాలి. అందులో రాయడానికి ఏమీ లేనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు దానిని ఏటవాలు గీత పెట్టి, ఒకే ట్యాగ్‌లో తెరిచి మూసినట్టుగా రాస్తాయి. ఎక్స్‌ఎంఎల్ అనే కచ్చితమైన రాత పద్ధతి నియమాల ప్రకారం చదివే రీడర్‌కు అది సరైనదే. వెబ్ పేజీల మామూలు రాత పద్ధతి హెచ్‌టీఎంఎల్‌గా చదివే రీడర్‌కు మాత్రం ఆ ట్యాగ్ తెరిచినట్టే ఉంటుంది, మూసినట్టు ఉండదు. దాంతో అధ్యాయం మొత్తాన్నీ శీర్షికలో భాగమని అనుకుంటుంది, శీర్షిక పేజీ మీద చూపేది కాదు కాబట్టి తెర మీద ఏమీ పెట్టదు. ఇరవై పేజీల కథ ఒక్క ఏటవాలు గీత వల్ల కనబడకుండా పోతుంది.

రెండవది ఎక్స్‌ఎంఎల్‌కు తెలియని సంకేతనామాలు. విడిపోని ఖాళీ కోసం వెబ్ పేజీలలో వాడే సంకేతనామం ఈపబ్ 3లో చెల్లదు, ఆ చోట అంకె రూపం వాడాలి. నియమాలను కచ్చితంగా పాటించే రీడర్ అటువంటి చోట ఆగిపోతుంది, తరువాతి పాఠ్యాన్ని చూపదు. అధ్యాయం సరిగ్గా ఒక వాక్యం మధ్యలో తెగిపోయి ఉంటే ముందుగా ఇక్కడే వెతకండి.

మూడవది పరిమాణం. అడోబీ సాఫ్ట్‌వేర్ మీద నడిచిన పాత రీడర్లలో ఒక్కొక్క అధ్యాయపు ఫైల్ సుమారు 300 కిలోబైట్లు దాటితే కష్టమయ్యేది. అందువల్లనే క్యాలిబర్ ఇప్పటికీ, మీరు మార్చకపోతే, 260 కిలోబైట్ల దగ్గర ఫైల్‌ను విడగొడుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి స్త్రీ అనే ఒక్క అక్షరానికే 18 బైట్లు ఖర్చవుతాయి. అదే నిడివి గల ఆంగ్ల అధ్యాయం కంటే తెలుగు అధ్యాయం ఈ హద్దును చాలా త్వరగా చేరుకుంటుందని తెలుగు పుస్తకాలు తయారుచేసేవారు గుర్తుంచుకోవాలి.

అధ్యాయంలో మొదటి అక్షరం మాత్రమే లేదు. ‘నగనగా’ అని మొదలవుతోంది.

‘అనగనగా’లోని అకారాన్ని పెద్దగా, అలంకారంగా చూపాలని దానిని బొమ్మగా పెట్టారు. బొమ్మ దొరకలేదు, లేదా డార్క్ మోడ్‌లో నల్లని బొమ్మ నల్లని పేజీలో కలిసిపోయింది. అక్షరంగానే పెద్దదిగా పెట్టినప్పుడు పక్కకు జరిగి అంచు దాటిపోవడం కూడా జరుగుతుంది. అక్షర పరిమాణం తగ్గించి చూస్తే ఈ రెండవ సందర్భంలో తిరిగి వస్తుంది.

పేజీ కుడి అంచున మాటలు తెగిపోతున్నాయి, లేదా పంక్తులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

పుస్తకకర్త వెడల్పునో పంక్తుల ఎత్తునో పిక్సెళ్లలో బిగించేశారు. మీరు అక్షరాలను పెద్దవి చేశారు, పంక్తి ఎత్తు మాత్రం పెరగలేదు. తెలుగులో ఇది మరింత బాధిస్తుంది, ఎందుకంటే మన లిపిలో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. రోమన్ లిపికి సరిపోయే పంక్తి ఎత్తులో మన వత్తులు కింది పంక్తి తలకట్టులను తాకుతాయి, లేదా కత్తిరించినట్టు సగమే కనిపిస్తాయి. పంక్తుల మధ్య ఖాళీని పెంచండి, అంచులను తగ్గించండి, పట్టికలు ఉన్న పేజీలలో తెరను అడ్డంగా తిప్పి చూడండి.

అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) కనిపించడం లేదు.

కొన్ని యాప్‌లు, ఉదాహరణకు ఆపిల్ బుక్స్, అధోజ్ఞాపికగా గుర్తుపెట్టిన భాగాన్ని పేజీలో దాచి, దాని సంఖ్యను తాకినప్పుడు చిన్న పెట్టెలో చూపిస్తాయి. సంఖ్యను తాకి చూడండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో వెతికితే మాటలు దొరుకుతున్నాయి, పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఇది ఎలా సాధ్యం?

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో చాలాసార్లు రెండు పొరలు ఉంటాయి. ఒకటి పేజీ ఫోటో. మరొకటి, ఫోటోలోని అక్షరాలను పోల్చుకునే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ గుర్తించిన పాఠ్యం, దానిని ఫోటోతో కలిసి కనబడకుండా ఉండేలా కావాలనే అదృశ్యంగా ఉంచుతారు. పీడీఎఫ్ ప్రమాణంలో అక్షరాలను గీసే విధానాలకు సంఖ్యలు ఉన్నాయి, వాటిలో 3వ సంఖ్యకు అర్థం ఏమీ గీయవద్దని. మీరు చదివేది ఫోటోను, వెతికేది అదృశ్య పాఠ్యాన్ని.

స్కాన్ ఫైళ్ల బరువు తగ్గించడానికి ఫోటోలను జేబిగ్-2, జేపెగ్ 2000 వంటి పద్ధతులలో కుదిస్తారు. వాటిని విప్పలేని రీడర్ ఫోటోను వదిలేస్తుంది, మిగిలిన పొర ఎలాగూ కనబడదు, పేజీ తెల్లగా మిగులుతుంది. జ్ఞాపకశక్తి తక్కువ ఉన్న పరికరంలో మరీ పెద్ద ఫోటోలు ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిచి, ప్రింట్ ఆదేశంలో కొత్త పీడీఎఫ్‌గా భద్రపరిస్తే తరచుగా ఫోటోలు మామూలు పద్ధతిలోకి మారి సమస్య తీరుతుంది. అయితే ఆ నకలులో వెతుకులాట పొర పోవచ్చు, అందుకని అసలు ఫైల్‌ను కూడా దాచుకోండి.

తప్పు పుస్తకంలో కాక తెరలోనే ఉందని ఎలా తెలుస్తుంది?

సెట్టింగ్స్ పేజీ తెరవండి. అక్కడ కూడా అదే చోట అక్షరాలు లేకపోతే తెరదే తప్పు. నిలువుగానో అడ్డంగానో సన్నని గీత పొడవునా మాటలు తెగిపోయి, ఏ పుస్తకం తెరిచినా ఆ గీత కదలకుండా ఉంటే తెరలోని తీగలు గాని గాజు గాని దెబ్బతిన్నాయి. దానికి సెట్టింగ్స్‌లో మందు లేదు, మరమ్మతు కేంద్రానికి చూపించాలి.

మరొక రకం తాత్కాలికమైనది. ఇ-ఇంక్ తెరలో నల్లని, తెల్లని రేణువులు విద్యుత్ క్షేత్రం వల్ల పైకీ కిందికీ కదులుతాయి. ఒకసారి కదిలాక విద్యుత్ లేకపోయినా అక్కడే నిలిచిపోతాయి. అందువల్ల పాత పేజీ మసకగా కొత్త పేజీ వెనుక మిగలడం సహజం. ప్రతి పేజీకీ తెరను పూర్తిగా తుడిచే అమరిక పెడితే ఆ మరకలు పోతాయి. చలి ఎక్కువైతే రేణువులు నెమ్మదిస్తాయి, అక్షరాలు పలచబడతాయి. కిండిల్‌ను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని దాని తయారీదారు చెబుతారు. చలిలో ఉండివచ్చిన పరికరాన్ని గది వెచ్చదనానికి రానిచ్చి, అప్పుడు పరీక్షించండి.

తెర మీద పేజీ నిలిచిపోయి ఏ స్పర్శకూ కదలకపోతే, ఆ బొమ్మ విద్యుత్ లేకుండా నిలిచిన పాత బొమ్మ కావచ్చు. ముందు ఛార్జింగ్ పెట్టి, తరువాత తిరిగి ప్రారంభించండి. కిండిల్ అయితే పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి ఉంచాలి.

నా పరికరంలో తెలుగు ఫాంట్ ఎలా చేర్చుకోవాలి?

కిండిల్‌లోనూ కోబోలోనూ పరికరాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫాంట్స్ అనే పేరు గల ఫోల్డర్‌లో ఫాంట్ ఫైళ్లు పెట్టాలి. కోబోలో ఆ ఫోల్డర్ లేకపోతే మీరే తయారుచేసుకోవాలి, పేరు చిన్న ఆంగ్ల అక్షరాలలో ఉండాలి. నోటో సెరిఫ్ తెలుగు, మండలి వంటివి ఉచితంగా దొరుకుతాయి. పరికరాన్ని తప్పనిసరిగా ఎజెక్ట్ చేసి తీయండి. నకలు పూర్తికాకముందే కేబుల్ లాగేస్తే ఫాంట్ సగమే చేరి, దానిని ఎంచుకున్నప్పుడల్లా పాఠ్యం మాయమవుతుంది. పుస్తకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

క్యాలిబర్‌తో పుస్తకాన్ని సరిచేసుకోవడం ఎలా?

క్యాలిబర్ ఉచిత సాఫ్ట్‌వేర్, నకలు తీయకుండా వేసే డీఆర్‌ఎం తాళం లేని పుస్తకాల మీద పనిచేస్తుంది. పుస్తకాన్ని చేర్చి, ఈపబ్ నుంచి ఈపబ్‌కే మార్పిడి పెట్టండి. లుక్ అండ్ ఫీల్ విభాగంలో ఫిల్టర్ స్టైల్ ఇన్ఫర్మేషన్ అనే భాగం ఉంటుంది. అక్కడ కలర్స్ ఎదురుగా టిక్ పెడితే పుస్తకంలో రాసిపెట్టిన రంగులన్నీ తొలగిపోతాయి, డార్క్ మోడ్ సమస్య దానితో తీరుతుంది. ఫాంట్స్ ఎదురుగా కూడా టిక్ పెడితే పుస్తకం తన ఫాంట్ మీద పట్టుపట్టడం మానుతుంది, కాని యూనికోడ్ కాని పాత తెలుగు పుస్తకాలకు ఆ పని చేయకండి. ఇలా మార్చినప్పుడు క్యాలిబర్ అసలు ఫైల్‌ను విడిగా దాచి ఉంచుతుంది కాబట్టి వెనక్కి రావచ్చు.

అధ్యాయం ఖాళీగా ఉన్నప్పుడు క్యాలిబర్‌లోని ఎడిటర్‌లో పుస్తకం తెరిచి ఎఫ్7 నొక్కండి. తప్పు ఏ ఫైల్‌లో, ఏ పంక్తిలో ఉందో చూపుతుంది, కొన్నింటిని తానే సరిచేస్తుంది.

ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పాలి. కొన్ని పుస్తకాలలో ఫాంట్‌ను ఇతరులు తీసి వాడుకోకుండా దాని మొదటి 1040 బైట్లను, అడోబీ పద్ధతిలో అయితే 1024 బైట్లను, పుస్తకపు గుర్తింపు సంఖ్య ఆధారంగా కలిపి మరుగుపరుస్తారు. ఎడిటర్‌లో ఆ గుర్తింపు సంఖ్యను చేతితో మార్చితే రీడర్ ఆ ఫాంట్‌ను విప్పలేదు, అప్పటిదాకా బాగున్న పాఠ్యం గళ్లుగా మారుతుంది. మిగిలిన వివరాలు ఎన్నైనా మార్చండి, ఆ సంఖ్య జోలికి మాత్రం వెళ్లకండి.

కొన్న పుస్తకంలో లోపం ఉంటే ఏమి రాసి పంపాలి?

అక్షరాలు కనిపించడం లేదు అని మాత్రమే రాస్తే, అవతలివారు తమ పరికరంలో తెరిచి చూస్తారు, వారికి బాగానే కనిపిస్తుంది, విషయం అక్కడితో ఆగిపోతుంది. పరికరం నమూనా, సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్య, ఎంచుకున్న ఫాంట్, నేపథ్యపు రంగు, అధ్యాయం పేరు, కనబడని భాగానికి ముందున్న చివరి మాట రాయండి. వేలు నొక్కి ఉంచినప్పుడు నిఘంటువులో మాట వచ్చిందో లేదో కూడా చెప్పండి, ఎందుకంటే ఆ ఒక్క సంగతితో తప్పు రంగులో ఉందా ఫైల్‌లో ఉందా అన్నది వారికి తెలిసిపోతుంది. తెర ఫోటో ఒకటి జతచేయండి.

నేను పుస్తకాలు తయారుచేస్తాను. పాఠకులకు ఈ ఇబ్బంది రాకుండా ఏమి చేయాలి?

మామూలు పేరాలకు రంగు చెప్పకండి. అక్షరాలకు రంగు చెప్పవలసి వస్తే నేపథ్యానికీ అదే నియమంలో చెప్పండి, నేపథ్యానికి చెబితే అక్షరాలకూ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి వదిలేసిన చోటే పాఠ్యం మాయమవుతుంది. పంక్తి ఎత్తును పిక్సెళ్లలో కాక అక్షర పరిమాణానికి నిష్పత్తిగా ఇవ్వండి. పద్యాలనూ పట్టికలనూ బొమ్మలుగా పెట్టకండి, పెట్టక తప్పకపోతే వెనుక పారదర్శకంగా వదలకుండా తెల్లని నేపథ్యంతో ఇవ్వండి. రంగులూ పరిమాణాలూ రాసిపెట్టే స్టైల్ షీట్‌లో ఒక్క తప్పు ఉన్నా మొత్తం షీట్‌ను పక్కనపెట్టే పాత రీడర్లు ఉన్నాయి కాబట్టి దానిని కూడా సరిచూడండి.

ఈపబ్‌చెక్ అనే ఉచిత పనిముట్టుతో ప్రతి పుస్తకాన్నీ పరీక్షించండి. ఈపబ్ 3.3 ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2023 మేలో ఆమోదించింది, ఆ నియమాల ప్రకారం శీర్షిక ట్యాగ్, సంకేతనామాల వంటి తప్పులను ఈ పనిముట్టు విడుదలకు ముందే పట్టి ఇస్తుంది. రంగుల సమస్యను మాత్రం అది పట్టుకోలేదు, ఎందుకంటే నలుపు రంగు రాయడం నియమాలకు విరుద్ధం కాదు. అందుకని విడుదల చేసే ముందు పుస్తకాన్ని ఒక ఫోన్‌లో డార్క్ మోడ్‌లోనూ, ఒక ఇ-ఇంక్ పరికరంలో అతి పెద్ద అక్షర పరిమాణంలోనూ తెరిచి, మొదటి అధ్యాయం, ఒక పట్టిక, ఒక పద్యం ఉన్న పేజీలను మీ కళ్లతో చూడండి.